ఉక్కపోతలో మీ కూలర్: శీతల పానీయాల కంపెనీలకు బహిరంగ లేఖ



మే నెలలో కాకినాడ నుంచి అమలాపురం దాకా ఏ కొట్టు ముందు ఆగినా మీరిచ్చిన అద్దాల కూలరే ఎదురవుతుంది. పొద్దున్న ఎనిమిదింటికే దాని అద్దం నిండా నీళ్లు పట్టి ఉంటాయి. లోపల ఏ సీసా ఉందో కనపడక కొనేవాళ్లు తలుపు తీసి చూస్తారు, వేస్తారు, మళ్లీ తీస్తారు. కారిన నీళ్లు గడప దాటి వస్తుంటే కొట్టాయన కింద గోనెసంచి పరుస్తాడు. మధ్యాహ్నానికి డ్రింకులు చల్లగా లేవని గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. సాయంత్రం మాలాంటి వాళ్లకు ఫోను వస్తుంది. "గ్యాస్ అయిపోయినట్టుందండీ, ఓసారి వచ్చి చూస్తారా?"

నేను ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే మెకానిక్‌ని. ఎండాకాలంలో నాకొచ్చే ఈ ఫోన్లలో చాలావాటికి గ్యాస్‌తో సంబంధమే ఉండదు. మిషను బాగానే ఉంటుంది. కానీ దాన్ని మా గాలికి తగినట్టు ఎంచి పంపలేదు, పెట్టాల్సిన చోట పెట్టలేదు, దాని సంగతి కొట్టువాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ మూడూ మీ చేతిలో ఉన్న పనులు. వాటి ఖర్చు మాత్రం కరెంటు బిల్లుగా, రిపేరు బిల్లుగా, పారబోసిన పాల ప్యాకెట్లుగా కొట్టువాళ్ల మీద పడుతోంది. అందుకే ఈ ఉత్తరం వాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

ముందు అద్దం మీద నీళ్ల సంగతి. గాలిలో ఉన్న తేమ ఒక హద్దు కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరైపోతుంది. ఆ హద్దు ఊరిని బట్టి, రోజును బట్టి మారుతుంది. నిజామాబాద్‌లో మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. అక్కడ ఆ హద్దు దాదాపు 13 డిగ్రీలు. కాకినాడలో అదే నెల పొద్దుటిపూట 33 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే హద్దు 28 డిగ్రీలకు పోతుంది. లోపల 4 డిగ్రీలు పెట్టుకున్న కూలర్‌కు మామూలు రెండు పొరల అద్దం ఉంటే, దాని బయటి ముఖం కాకినాడలో 23, 25 డిగ్రీల మధ్య ఉంటుంది, నిజామాబాద్‌లో ఇంకాస్త వెచ్చగా ఉంటుంది. అదే కూలర్, అదే అద్దం. నిజామాబాద్‌లో పొడిగా ఉంటుంది, కాకినాడలో ధార కడుతుంది. అక్కడి కంటే ఇక్కడ ఎండ తక్కువే, కానీ కూలర్‌కు కష్టం ఇక్కడే ఎక్కువ. థర్మామీటరు ఒక్కటే చూసి మిషన్లు పంపేవాళ్లకు ఇది అంతుపట్టదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కాదు. షోకేసు కూలర్లకు ఐఎస్‌ఓ 23953 ప్రమాణంలో వాతావరణ తరగతులు రాసిపెట్టే ఉన్నాయి. అయిదో తరగతి పరీక్ష 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమలో జరుగుతుంది. ఏడో తరగతి పరీక్ష 35 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో. కాగితం మీద 40 అంకె పెద్దది కాబట్టి అయిదో తరగతి మిషనే గట్టిదనిపిస్తుంది. కానీ తేమ నీరయ్యే హద్దు అయిదో తరగతి గాలిలో సుమారు 24 డిగ్రీలు, ఏడో తరగతి గాలిలో 30 డిగ్రీలు. గోదావరి జిల్లాల తీరానికి, విశాఖకు, నెల్లూరుకు సరిపడేది ఏడో తరగతి లెక్క. మీరు వేల సంఖ్యలో కూలర్లు కొంటారు. ఏ తరగతిది ఏ జిల్లాకు వెళ్లాలో కొనేటప్పుడే అడగగలిగిన బలం మీకుంది. కొట్టాయనకు ఆ బలం లేదు. ఆటోలో దింపిన మిషనుకు ఒప్పందం మీద సంతకం పెట్టి తీసుకోవడమే ఆయన చేయగలిగేది.

తీరానికి పంపే తలుపుల అద్దానికి వేడిని ఆపే పూత ఉండాలి, పొరల మధ్య ఆర్గాన్ వాయువు నింపి ఉండాలి. అలాంటి అద్దం బయటి ముఖం నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, ధార చాలావరకు తగ్గుతుంది. మరీ ఉక్కగా ఉన్న రోజుల కోసం తలుపు చట్రంలో సన్నటి హీటరు తీగ కూడా కావాలి. ఆ హీటరు కరెంటు తింటుంది, నిజమే. అందుకే బిల్లుకు భయపడి దాన్ని విప్పించేసుకునే కొట్లున్నాయి. తేమ పెరిగినప్పుడే వెలిగి, తగ్గగానే ఆరిపోయే సెన్సరు పెట్టిస్తే ఆ గొడవ ఉండదు. ఇక అద్దం పొరల నడుమ తేమ చేరి మసకబారిందంటే అది వేరే సంగతి. అంచున సీలు పోయింది. ఎంత తుడిచినా పోదు, తలుపు మార్చాల్సిందే. ఆ ఖర్చు కొట్టుమీద వేయకండి.

ఇప్పుడు "చల్లబడటం లేదు" అన్న ఫిర్యాదు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మొన్న ఏప్రిల్ చివర్లో బస్టాండు దగ్గర చిన్న కొట్టు నడుపుకునే ఒక పెద్దావిడ పిలిచారు. అప్పటికే ఎవరో వచ్చి గ్యాస్ ఎక్కించాలి, కంప్రెసర్ కూడా వీకయింది అని చెప్పి వెళ్లారు. "మొన్నటిదాకా బానే ఉండేది బాబూ. కూలింగు తగ్గిందని చలి పెంచే బొత్తాం కొంచెం తిప్పాను. ఇంకా తగ్గింది. చివరిదాకా తిప్పేశాను" అన్నారావిడ. లోపల పైన ఉన్న తెల్ల మూతకు నాలుగు స్క్రూలు విప్పితే చల్లబరిచే కాయిల్ కనపడలేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే మంచు గడ్డ. ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని ముందు చెయ్యి పెడితే గాలి తగల్లేదు. రేకుల సందులన్నీ పూడిపోయాక గాలి ఎటు నుంచి వస్తుంది? సీసాలు తీసి పక్కన పెట్టించి, మిషను ఆపి, తలుపు బార్లా తెరిచి, కింద బేసిన్లు పెట్టాం. రాత్రికి ఆ గడ్డంతా కరిగి నీళ్లయింది. మర్నాడు పొద్దున్న బొత్తాం మధ్యలో పెట్టి ఆన్ చేస్తే మధ్యాహ్నానికి సీసాలు చేతికి చల్లగా తగిలాయి. గ్యాస్ చుక్క ఎక్కించలేదు. కంప్రెసర్‌ను ముట్టుకోలేదు.

ఇలా ఎందుకవుతుందో ఒకసారి తెలిస్తే చాలు. ఈ రకం కూలర్లు చాలావాటిలో మంచు కరగడానికి ప్రత్యేకంగా హీటరు ఉండదు. కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ కాయిల్ సున్నా కంటే చల్లగా ఉండి, గాలిలోని తేమ దాని మీద మంచుగా పేరుకుంటుంది. బొత్తాంతో పెట్టిన చలి అందగానే కంప్రెసర్ ఆగుతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతుంది. లోపలున్న మూడు నాలుగు డిగ్రీల గాలే ఆ మంచును కరిగిస్తుంది. నీరు గొట్టంలోంచి కింద ట్రేలోకి దిగి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. అంటే కంప్రెసర్ ఆగడం కూడా చల్లబరచడంలో భాగమే. బొత్తాం చివరిదాకా తిప్పి, తలుపు నిమిషానికోసారి తీస్తుంటే కంప్రెసర్‌కు ఆగే వీలే చిక్కదు. మంచు మీద మంచు పేరుతుంది. చల్లదనం తగ్గుతుంది, తగ్గిందని బొత్తాం మళ్లీ పెంచుతారు. మా తీరం కొట్లలో ఎండాకాలమంతా నడిచేది ఇదే.

తలుపు తీసినప్పుడు లోపలికి వచ్చే వేడి ఒక ఎత్తు, తేమ ఒక్కటే ఒక ఎత్తు. లీటరు నీళ్లంత తేమ లోపలికి వచ్చి కాయిల్ మీద నీరుగా మారిందంటే, ఆ నీరు కావడంలోనే సుమారు 2,450 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. 34 డిగ్రీల డ్రింకును 4 డిగ్రీలకు దించడానికి లీటరుకు 125 కిలోజౌళ్లు చాలు. అంటే ట్రేలోకి లీటరు నీళ్లు చేరాయంటే, దాదాపు ఇరవై లీటర్ల డ్రింకు చల్లబరిచేంత శ్రమ ఆ తేమకే ఖర్చయిందన్నమాట. అది మంచుగా గడ్డకడితే ఇంకో 335 కిలోజౌళ్లు అదనం. తడిసిన గోనెసంచిని పిండి చూస్తే మీ కరెంటు ఎటు పోతోందో తెలుస్తుందని నేను కొట్లవాళ్లతో అంటుంటాను.

తేమ దొంగదారిన వచ్చేది తలుపు రబ్బరు దగ్గర. కొట్టులో రోజూ వందలసార్లు లాగి వదిలే తలుపు అది. కింది మూల రబ్బరు ముందు చిరుగుతుంది, తర్వాత గట్టిపడి ముడుచుకుపోతుంది. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి వేసి లాగితే, బిగువు లేకుండా జారి వచ్చిందంటే ఆ చోట గాలి పోతున్నట్టే. నాలుగు వైపులా అలా చూసుకోవాలి. వంకర తిరిగిన రబ్బరును వేడినీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టి సరిచేయొచ్చు, చిరిగినదాన్ని మార్చాల్సిందే. ఇక్కడే నా పెద్ద ఫిర్యాదు. ఒక్క రబ్బరు కోసం నెలల తరబడి ఎదురుచూసిన కొట్లు నాకు తెలుసు. కూలర్ మీ ఆస్తి కాబట్టి బయట కొన్నది వేయడానికి ఒప్పుకోరు, మీవైపు నుంచి వచ్చే మనిషి రాడు. ఈలోగా ఎండాకాలం అయిపోతుంది. ప్రతి ఏజెన్సీలో, ఆ ప్రాంతంలో తిరిగే మోడళ్ల రబ్బర్లు నాలుగేసి ఉంచడం మీకు భారం కాదు.

తలుపు దానంతటదే మూసుకోవాలంటే మిషను ముందు వైపు ఒక్క రవ్వ ఎత్తుగా ఉండాలి, పై మూలలోని స్ప్రింగు బిగువుగా ఉండాలి. దింపేటప్పుడు ముందు కాళ్లు రెండు మరలు తిప్పే ఓపిక మీ మనుషులకు ఉంటే ఇది తీరిపోతుంది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. రోడ్డు మీద పోయేవాళ్లకు మీ బొమ్మ కనపడాలి కాబట్టి కూలర్‌ను కొట్టు ముందు అంచున పెట్టిస్తారు. పడమటి ముఖం కొట్టయితే మధ్యాహ్నం రెండింటి నుంచి సూర్యుడు నేరుగా అద్దంలోకి దిగుతాడు. సముద్రపు గాలి సాయంత్రం తేమను మోసుకొచ్చి అదే అద్దానికి పట్టిస్తుంది. నాలుగడుగులు లోపలికి జరిపితే మిషను మీద సగం బాధ తీరుతుంది. జరిపితే తనిఖీకి వచ్చినవాళ్లు ఒప్పుకోరని కొట్లవాళ్ల భయం. మీ ప్రచారం ముఖ్యమే, కాదనను. కానీ నీళ్లు పట్టి లోపలి సీసా కనపడని అద్దం మీకు ఏ ప్రచారం చేస్తుంది?

వెనక గోడకు నాలుగంగుళాలైనా ఎడం ఉండాలి. వేడిని బయటికి వదిలే కండెన్సర్ కింద ఉండే మోడళ్లలో జాలీ తీసి నెలకోసారి బ్రష్షుతో దుమ్ము దులపాలి. పక్కనే బజ్జీల బండి ఉంటే నూనె పొగ, పిండి దుమ్ము కలిసి ఆ రేకుల మీద చాప కట్టేస్తాయి. అలాంటి చోట నెల కూడా ఎక్కువే. వేడి బయటికి పోయే దారి మూసుకుపోతే లోపల చలి ఎలా పుడుతుంది? కంప్రెసర్ ముట్టుకోలేనంతగా కాలి, ఓవర్‌లోడ్ కొట్టి ఆగి, చల్లారి మళ్లీ మొదలై, చివరికి కాలిపోతుంది. కాలిన ప్రతి కంప్రెసర్ వెనకా దులపని కండెన్సర్ ఉందనను, తక్కువ వోల్టేజీ కూడా ఉంటుంది. కానీ దుమ్ము దులపడానికి పైసా ఖర్చు లేదు. ఆ మాట కొట్టువాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

మీ సేల్స్ కుర్రాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. అర నిండా సీసాలు కిక్కిరిసి ఉంటే ఫొటోలో బాగుంటుంది. వెనక గోడకు, గాలి వచ్చే జాలీకి నాలుగు వేళ్లు ఎడం లేకపోతే చలిగాలి కింది అరలకు దిగదు. పై అరలో సీసా గడ్డకట్టి కింది అరలో వెచ్చగా ఉందంటే అనుమానించాల్సింది ముందు దీన్నే. లోడు మిట్టమధ్యాహ్నం దింపకండి. 36 డిగ్రీలకు కాగిన యాభై లీటర్ల సరుకు ఒక్కసారి లోపల పడితే, ఆ వేడి లాగడానికి మిషనుకు గంటల తరబడి పడుతుంది. అది సరిగ్గా గిరాకీ ఉండే సమయం. సాయంత్రం దింపితే రాత్రంతా నింపాదిగా చల్లబడుతుంది.

రాత్రి కొట్టు కట్టేటప్పుడు బిల్లు మిగులుతుందని కూలర్ ఆపేసేవాళ్లున్నారు. తలుపు తీయని ఆ ఏడెనిమిది గంటల్లోనే కాయిల్ మీది మంచు శుభ్రంగా కరిగి, సరుకు చల్లబడేది. ఆపితే పొద్దున్న మొత్తం మళ్లీ మొదటినుంచి లాగాలి. అందులో పాలు, పెరుగు కూడా ఉంటే ఇంకా ప్రమాదం. చల్లగా ఉంచాల్సిన ఆహారాన్ని 5 డిగ్రీలు దాటనివ్వకూడదని ఆహార భద్రత నియమాలు చెబుతాయి. మీ కూలర్లో మీ సరుకే పెట్టాలని మీరంటారు. చిన్న కొట్లో రెండో ఫ్రిజ్ కొనే స్తోమతు ఎవరికుంటుంది? పాల ప్యాకెట్లు అందులోనే ఉంటాయని తెలిసే మాట్లాడుకుందాం.

గ్యాస్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడితే అరిగిపోయేది కాదు. అన్ని వైపులా మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టుకోకుండా ఎక్కిస్తే ఆ డబ్బు కూడా గాలిలో కలిసిపోతుంది. తేడా కంటికే తెలుస్తుంది. కాయిల్ మొదట్లో జానెడు మేర మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే గ్యాస్ తక్కువైందని అనుమానించాలి. మొత్తం తెల్లగా గడ్డకట్టి ఉంటే అది తేమ పని. మూత విప్పి చూడకుండా గ్యాస్ అన్నవాళ్లను నమ్మొద్దని నేను అందరికీ చెబుతాను.

ఇప్పుడు కొత్త కూలర్లలో వస్తున్నది ఆర్290, అంటే ప్రొపేన్. ఇళ్ల ఫ్రిజ్‌లలో ఆర్600ఎ, ఐసోబ్యూటేన్. పాత ఆర్134ఎ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు వేడెక్కించేది కాబట్టి ఈ మార్పు మంచిదే. కానీ ఈ కొత్త గ్యాస్‌లు వంటగ్యాస్ లాగే మండుతాయి. పాత అలవాటుగా గొట్టం మీద బ్రేజింగ్ మంట పెడితే మనిషి ప్రాణానికే ముప్పు. వీటిని గ్రాముల్లో తూచి ఎక్కించాలి, గాలాడే చోట పని చేయాలి, మంట లేకుండా నొక్కి బిగించే రింగులతో గొట్టాలు కలపాలి. ఊళ్లలో పనిచేసే మెకానిక్‌లలో చాలామంది చూసి నేర్చుకున్నవాళ్లే. మీ మిషన్ల మీద మండే గ్యాస్ అన్న పసుపు త్రికోణం గుర్తు ఉంటుంది, దాని పక్కన తెలుగు అక్షరం ఒక్కటి ఉండదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఏడాదికి ఒకసారి రెండు రోజుల శిక్షణ పెట్టండి. బయటి మెకానిక్‌లనూ రానివ్వండి. మీ మనిషి రాని రోజున ఆ మిషను విప్పేది వాళ్లే.

ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీలవాళ్లు ఇది చదివితే వాళ్లకూ రెండు మాటలు. కూరగాయల పెట్టె కింద నీళ్లు నిలిచాయంటే చాలాసార్లు వెనక ఉన్న చిన్న నీటి రంధ్రం పూడిపోయి ఉంటుంది, గోరువెచ్చని నీళ్లు పోస్తే తెరుచుకుంటుంది. ఫ్రిజ్ పక్క గోడలు వెచ్చగా ఉండటం జబ్బు కాదు, వేడి పోయే గొట్టాలు ఆ గోడల్లోనే ఉన్నాయి. పాతరకం ఫ్రిజ్‌లో ఐస్ గడ్డను చాకుతో పొడిస్తే పల్చటి అల్యూమినియం చిల్లుపడి గ్యాస్ అంతా పోతుంది. ఈ మూడు సంగతులు కొన్నరోజే తెలుగులో చెబితే మా వీధుల్లో ఎన్నో ఇళ్లకు వేల రూపాయలు మిగిలేవి.

నేనడిగేది ఇది. తీరం జిల్లాలకు పంపే కూలర్ ఏడో తరగతి వాతావరణంలో పరీక్షించినదై ఉండాలి, ఆ సంగతి కొట్టువాళ్లకిచ్చే కాగితంలో రాసి ఉండాలి. ఏజెన్సీల్లో తలుపు రబ్బర్లు ఉండాలి. ఎండ పడే చోటు నుంచి కూలర్‌ను లోపలికి జరుపుకునే హక్కు కొట్టువాళ్లకు ఒప్పందంలోనే ఇవ్వాలి. తలుపు లోపలివైపు, కంటికి కనపడే ఎత్తులో, పెద్ద అక్షరాలతో తెలుగు కాగితం ఒకటి అంటించాలి. బొత్తాం మధ్యలోనే ఉంచాలి, చలి తగ్గితే పెంచే ముందు మూత కింద మంచు చూడాలి, వెనక జాలీకి సీసాలు ఆనించకూడదు, నెలకోసారి దుమ్ము దులపాలి, రాత్రి ఆపకూడదు, కరెంటు పోయి వస్తే అయిదు నిమిషాలు ఆగి వేయాలి. అందులో ఇంతే చాలు. ఒక్కో దానికి పక్కన బొమ్మ వేయిస్తే చదవడం రానివాళ్లకూ పనికొస్తుంది.

కొత్త కూలర్లు మా ఊళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో దిగుతాయి. ఆ కాగితం అంతకుముందే అచ్చవ్వాలి. అందులో ఏ మాట కొట్టువాళ్లకు అర్థమవుతుందో, ఏది కాదో చూడటానికి నాలాంటి మెకానిక్‌ను ఒకరిని, బస్టాండు దగ్గరి పెద్దావిడలాంటి కొట్టు యజమానిని ఒకరిని పిలవండి. డబ్బులు అడగం, వచ్చి చెబుతాం.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక రిఫ్రిజరేషన్ మెకానిక్